మా అత్త కాపలా తుపాకి

మా మేనత్త హనుమక్క ఫోన్ చేసి, "తుపాకి తిరిగిచ్చేసి రావాల, తోడు వస్తావా?" అని అడిగినప్పుడు నేను తుమకూరులో మా ఇంట్లో బియ్యం ఏరుకుంటూ కూర్చుని ఉన్నాను. హాస్టల్ వార్డెన్ ఉద్యోగం నుంచి రిటైరైన తర్వాత నాకు తొందర పనులంటూ పెద్దగా లేవు. మరునాడే పావగడ బస్సెక్కి, అక్కడినుంచి షేర్ ఆటోలో రాయచెర్లు చేరాను. అత్త అప్పటికే తుపాకిని పాత కంబళిలో చుట్టి, నులక తాడుతో కట్టి, తలుపు పక్కన ఆనించి పెట్టింది. తెల్లారి ఇద్దరం దాన్ని మోకాళ్ళ మీద అడ్డంగా పెట్టుకుని మళ్ళీ ఆటోలో కూర్చున్నాం. పక్కన కూర్చున్నావిడ చాలాసేపు ఆ మూట వంక చూసి, "ఏందవ్వా అది, బోరు పైపా?" అని అడిగింది. "తుపాకి" అంది అత్త, వక్కాకు నములుతూ. ఆ తర్వాత ఆటోలో మాకు కాళ్ళు చాపుకునేంత చోటు దొరికింది.

పోలీసు స్టేషన్లో రైటరు చిన్న వయసువాడు. కాగితాలు తిరగేసి, "లైసెన్సు ఇంకా నడుస్తా ఉండాది కదవ్వా. నిన్ను ఎవురు ఇచ్చేయమన్నారు?" అని అడిగాడు. "ఎవురూ అనలేదు నాయనా. నాకు కండ్లు మసకలొచ్చినాయి. కాల్చేదాని ఎనక ఏముండాదో కనపడనోళ్ళ దగ్గర తుపాకి ఉండకూడదు" అంది అత్త. అతను నా వైపు చూసి, "ఈయమ్మ పేరుకు మార్చుకుంటారా?" అన్నాడు. ఆ మాట అత్త నన్ను ముందు రోజు రాత్రి అన్నం తింటున్నప్పుడే అడిగింది, నేను వద్దనేశాను. తుమకూరులో రెండో అంతస్తు ఇంట్లో తుపాకి పెట్టుకుని ఏ చేను కాస్తాను? అత్త కన్నడంలో సంతకం చేసింది. గీత గీతకూ ఆగి, తలకట్టు సరిచూసుకుని మరీ చేసింది. బయటికొచ్చి బస్టాండులో ఇద్దరం టీ తాగాం. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు. ఇంటికి రాగానే తుపాకి ఆనించే మూల ఊడ్చి, చీపురు అక్కడే నిలబెట్టింది. తర్వాత పొయ్యి ముట్టించి సంగటికి ఎసరు పెట్టింది. నేను మాత్రం అరుగు మీద కూర్చుని, ఆ తుపాకి భుజాన వేసుకుని ఈ ఊళ్ళో తిరిగిన కాలంలోకి వెళ్ళిపోయాను.

అప్పుడు నేను పీయూసీలో ఇంగ్లీషు తప్పి ఇంట్లో ఉన్నాను. ఆ ఎండాకాలమే మామ కామెర్లతో పోయాడు. అత్తకు పిల్లలు లేరు. వానలు పడ్డాక చెనిక్కాయ, అంటే వేరుశనగ, వేసింది గానీ, చేను గుట్ట కిందే ఉండడంతో అడవిపందుల బెడద ఎక్కువ. కాపలా లేకపోతే కాయ ఇంటికి రాదు. మా నాయన నన్ను పిలిచి, "పంట ఇంటికొచ్చేదాకా అత్త దగ్గర ఉండు, ఆమె ఒక్కతే" అన్నాడు. పుస్తకాల నుంచి తప్పించుకోవడానికి దొరికిన దారి అనుకుని సంతోషంగానే వెళ్ళాను. ఆ ఇంట్లో అడుగుపెట్టగానే తగిలిన వాసన నాకు ఇంకా గుర్తే. ఉలవలు ఉడికే వాసన, గంపలో కోళ్ళ వాసన, వాటి కింద సన్నగా గంధకం, ఆముదం కలిసిన వాసన. మొదట అది ఎక్కడిదో అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, తుపాకిది.

అది ఒంటి గొట్టం నాటు తుపాకి. గొట్టం మూతి నుంచే మందు పోసి దట్టించాలి. మందు ఎండిన సొరకాయ బుర్రలో పోసి, పొయ్యికి దూరంగా దూలానికి వేలాడదీసి ఉండేది. ఆ గదిలోకి దీపం తీసుకుపోవడం నిషేధం. పేలుడు కేపులు మామ పొగాకు డబ్బాలో, తేమ తగలకుండా పైన గుడ్డ చుట్టి ఉండేవి. సీసం గుండ్లు అత్త తన పసుపు డబ్బా పక్కనే పెట్టుకునేది. రోజూ పొద్దున చేను నుంచి రాగానే, స్నానం కంటే ముందు తుపాకి పని. కాల్చి ఉంటే మరిగే నీళ్ళు గొట్టంలో పోసేది, అవి కాటుక రంగులో బయటికి కారేవి. పాత చీర పేలికలు ఇనుప కడ్డీకి చుట్టి లోపల రుద్దేది. పేలిక తెల్లగా బయటికి వచ్చేదాకా వదిలేది కాదు. చివర్లో ఆముదం పూసి, మూతికి గుడ్డ బిరడా పెట్టేది. "అంట్లు తోమకుండా ఒక పూట పెట్టొచ్చు, దీన్ని పెట్టకూడదు" అనేది. అంట్లు తోమే పని నాది కాబట్టి ఆ మాట నాకు నచ్చేది.

ఆ లైసెన్సు ఆమె పేరు మీదికి రావడానికే ఒక యుద్ధం జరిగింది. మామ పోగానే, ఆయన తమ్ముడు గోవిందప్ప తుపాకి తనకు రావాలన్నాడు. ఆడమనిషి ఏం చేసుకుంటుందని ఊళ్ళో అందరూ అన్నారు. అత్త మాత్రం దినాలు ముగియగానే పావగడ తాలూకా ఆఫీసు చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. పొద్దున్నే సంగటి ముద్ద మూట కట్టుకుని పోవడం, సాయంత్రం ఉత్తచేతులతో రావడం. ఒక ఆఫీసరు, "నీకెందుకమ్మా, మగవాళ్ళు ఎవరూ లేరా?" అన్నాడట. "పందులు చేనులోకి వచ్చేటప్పుడు ఈ ఇంట్లో మగోళ్ళు ఉండారా అని అడగవు సార్" అన్నదట అత్త. తుమకూరు దాకా కూడా పోయింది. చివరికి కాగితం చేతికొచ్చిన రోజు గోవిందప్ప ఇంటికొచ్చి, "సరే వదినా, నువ్వే పెట్టుకో, కాలిస్తే భుజం ఎగిరిపోతాది చూస్కో" అని నవ్వాడట. అత్త ఆ నవ్వు మర్చిపోలేదు.

నాకు తుపాకి నేర్పేటప్పుడు ఆమె మొదట మందు ముట్టనివ్వలేదు. ఖాళీ తుపాకి భుజాన వేసుకుని గట్ల మీద నడవమంది. కంచె దాటేటప్పుడు ముందు తుపాకి అవతల పడుకోబెట్టి, తర్వాత మనిషి దాటాలి. మూతి ఎప్పుడూ నేలకో ఆకాశానికో తప్ప ఇంకెటూ చూడకూడదు. ఒకసారి మంచె ఎక్కుతూ గొట్టం ఆమె వైపు తిప్పాను. ఖాళీదే. అయినా ఆ పూట నన్ను దిగి ఇంటికి పొమ్మంది. మందు కొలత ఆమెకు అరచేతి గుంట. నాది చిన్న చెయ్యి కాబట్టి నాకు ఇత్తడి మూత ఒకటి ఇచ్చింది. ఎక్కువ పోస్తే దూరం పోతుందనుకుని పోసినవాళ్ళ కథలు చెప్పేది. పక్క ఊళ్ళో ఒకాయనకు గొట్టం పగిలి రెండు వేళ్ళు పోయాయి. మందు, దాని మీద కొబ్బరి పీచు, దాని మీద గుండు, మళ్ళీ పీచు. కడ్డీతో దట్టించేటప్పుడు చప్పుడు మారుతుంది. మెత్తటి చప్పుడు పోయి కడ్డీ ఎగిరి చేతికి తగిలితే చాలు, అప్పుడు ఆపాలి. కేపు అన్నిటికంటే చివర, కాల్చే ముందు మాత్రమే పెట్టాలి.

కాల్చడం కంటే కాల్చకపోవడం నేర్పడానికే ఆమె ఎక్కువ రోజులు తీసుకుంది. చప్పుడుకు కాల్చకూడదు. పొద కదిలితే కాల్చకూడదు. అందులో ఆవుదూడ ఉండొచ్చు, బహిర్భూమికి వచ్చిన మనిషి ఉండొచ్చు. పిల్లలున్న ఆడపంది మీద కాల్చకూడదు. పందికి రవ్వల్లాంటి చిన్న గుండ్లు పనికిరావు, చర్మంలో ఇరుక్కుని నెలల తరబడి చీము పట్టిస్తాయి. ఒంటి గుండే వేయాలి, అది కూడా చెవి కదలడం కనిపించేంత దగ్గరగా ఉంటేనే. ముందుగా డబ్బా వాయించాలి, దానికీ పోకపోతే ఉత్త మందుతో ఆకాశంలోకి ఒకటి పేల్చాలి. నిజం చెప్పాలంటే ఆ సీజన్లో చాలా రోజులు మేము పేల్చింది ఆకాశాన్నే. మందకు మంద ఆ చప్పుడుకు గుట్ట ఎక్కిపోయేది. అత్త మంచె మీద కూర్చుని వేయించిన చెనిక్కాయలు నములుతూ, "పోండమ్మా, గడ్డలు తిని బతకండి" అనేది.

చప్పుడుకు భయపడనిది ఒకటే వచ్చింది. ఒంటి మగపంది. వీపు మీద జూలు నిక్కబొడుచుకుని ఎత్తుగా, ముందు కాళ్ళ మీద బరువంతా వేసి నడిచేది. డబ్బా వాయిస్తే తల ఎత్తి చూసి మళ్ళీ తవ్వుకునేది. ఆకాశంలోకి కాలిస్తే గట్టు దాకా పోయి, పొగ తేలిపోయాక తిరిగి వచ్చేది. వారం తిరిగేసరికి చేను పక్కనున్న ఇసుక వంక వైపు సాళ్ళన్నీ దున్నేసినట్టు అయ్యాయి. అత్త ఫారెస్టు ఆఫీసుకు పోయి చెప్పి వచ్చింది. చేనులో పంట తింటూ ఉంటే సరే, చేను దాటాక కాల్చొద్దు, ఏం జరిగినా మాకు చెప్పాలి అన్నారట. ఆ పని ఆమే చేద్దామనుకుంది. అంతలో చలిజ్వరం పట్టుకుంది. దుప్పటి కప్పుకుని వణుకుతూ, "ఈ పొద్దు నువ్వే కూర్చో. అది పక్కకు తిరిగితేనే కాల్చు. తిరగకపోతే వద్దు, తినిపోనీ" అంది.

తెల్లవారుతూ ఉండగా వచ్చింది. రాయి విసిరితే తగిలేంత దూరంలో, తల కిందికి పెట్టి తవ్వుతోంది. చెవి కదలడం కనిపించింది. వెనక గుట్ట తప్ప ఏమీ లేదు. పక్కకు తిరిగింది. ముందు కాలి వెనకకు గురిపెట్టి మీట నొక్కాను. కేపు పేలింది. మందు అంటుకోవడం మాత్రం రెప్పపాటు ఆలస్యమైంది. వానాకాలం తేమ, ఎంత జాగ్రత్త పడినా తగిలేదే. ఆ రెప్పపాటులో పంది ఒక అడుగు ముందుకు వేసింది. పొగ పోయాక చూస్తే అది లేదు. వంక వైపు జాలికంప ఊగుతోంది.

ఇంటికి పరిగెత్తి చెప్పాను. అత్త పడక మీద లేచి కూర్చుని, నడుముకు కొంగు బిగించుకుంది. "దెబ్బ పడినప్పుడు అరిచిందా?" అంది. లేదన్నాను. "ఎట్లా పోయింది, గంతులేస్తా పోయిందా, వంగిపోయి పోయిందా?" వంగిపోయి అన్నాను. "ఎంటనే ఎంట పడకూడదు. తరిమితే ఊరు దాటి పోతాది. వదిలేస్తే దగ్గర్లోనే పడుకుంటాది. ముందు ఓబులమ్మను ఆపు, మేకలు తోలుకుని వంకలోకి దిగుతాది ఈ టయానికి" అంది. ఓబులమ్మ మా పక్కింటి ముసలామె, ఆమె మేకలు రోజూ ఆ వంకలోనే మేస్తాయి. మళ్ళీ పరిగెత్తాను. ఆమె అప్పటికే మందను తోలుకుని బండిబాట దాకా వచ్చేసింది. విషయం చెప్పగానే కర్ర అడ్డం పెట్టి మేకలను గుట్ట అవతలికి తిప్పింది. దెబ్బ తిన్న పందికి ఎదురుపడితే ఏమవుతుందో ఆమెకు నేను చెప్పనక్కర్లేదు. ఆమె పెనిమిటి తొడకు ఆ మచ్చ చచ్చేదాకా ఉండేది.

సంగటి ఉడికి దించేంత సేపు ఆగి, తుపాకిలో మళ్ళీ మందు, గుండు దట్టించి బయలుదేరాం. తుపాకి నా భుజాన, అత్త చేతిలో కర్ర. చప్పుడు విని గోవిందప్ప కూడా వచ్చాడు. చెనిక్కాయ ఆకుల మీద మొదటి నెత్తురు కనిపించింది. నల్లగా చిక్కగా ఉంది, అందులో ఆకుపచ్చ నలక. అత్త వేలితో తీసి వాసన చూసి, మట్టికి తుడిచేసింది. "కడుపులో తగిలింది. ఇది తొందరగా చావదు. దినమంతా పడతాది" అంది. గోవిందప్ప మాతో వంకలో కొంత దూరం వచ్చాడు. పరుపుబండ దగ్గర జాడ పోయింది. ఆ నల్లటి బండ మీద అడుగూ లేదు, చుక్కా లేదు. ఆయన తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుని, "మాపటేళకు కాకులే చెప్తాయిలే వదినా యాడ పడిందో. అప్పుడు మనుషుల్ని తీసుకోనొస్తా. ఊరికే ఈ ఎండలో తిరగడం యాల?" అన్నాడు.

"మాపటేళ దాకా అది ఏం చేస్తా ఉంటాది గోవిందప్పా?" అంది అత్త.

"చస్తాది. ఇంకేం చేస్తాది."

"చచ్చేది తెలుసులే. అంతదాకా ఏం చేస్తా ఉంటాదని అడిగినా."

ఆయన తలగుడ్డ చుట్టుకుని వెళ్ళిపోయాడు. అత్త బండ నీడలో కూలబడింది. ఒళ్ళు కాలిపోతోంది. "బండ మీద ఎతకొద్దు. బండ అంచు పట్టుకుని చుట్టూ తిరుగు. ఎక్కిన జంతువు యాడో ఒకచోట దిగాల్సిందే కదా" అంది. నేను అంచు వెంబడి వంగి నడవడం మొదలుపెట్టాను. ఎండ నడినెత్తికి వస్తోంది. ఒక చుట్టు తిరిగాను, ఏమీ లేదు. వెనక్కి పోదామని నోటిదాకా వచ్చింది. అత్త కళ్ళు మూసుకునే, "ఇంకోసారి తిరుగు" అంది. రెండో చుట్టులో ఒకచోట చీమల బారు కనిపించింది. బండ పగులులోంచి దిగి, గడ్డిలో ఒక చోట గుంపుగా ముసిరి ఉన్నాయి. వంగి చూస్తే వాటి కింద ఎండిన నెత్తురు చుక్క. అక్కడినుంచి ఇసుకలో గిట్టల అడుగులు, వెనక కాలు ఈడ్చిన గీత. గట్టిగా పిలవకుండా తిరిగి వెళ్ళి చెప్పాను.

అత్త లేవబోయింది. మళ్ళీ కూర్చుని నా చెయ్యి పట్టుకుంది. "నాతో కాదు. నువ్వే పోవాల. జాడ మీద నడవొద్దు, పక్కన నడువు. గాలి నీ మొగానికి తగలాల. ఎక్కేదానికి ఒక బండ ఎప్పుడూ కంట్లో పెట్టుకో. ఎదురుగా చూస్తా ఉంటే కాల్చొద్దు, తల ఎముక మీద గుండు జారుతాది. కేపు పాతది తీసేసి కొత్తది పెట్టు" అంది. పోనంటే ఆమె పాకుతూ అయినా వస్తుందని నాకు తెలుసు. నా భయం అంతకంటే పెద్దదే. కానీ ఆ నల్లటి చిక్కటి నెత్తురు కళ్ళముందు నుంచి పోవడం లేదు. కేపు మార్చి బయలుదేరాను.

వంక మలుపులో కలివి పొద కింద తడి ఇసుకలో పడుకుని ఉంది. కడుపుకు చల్లగా ఉంటుందని అక్కడ ఎంచుకున్నట్టుంది. ఈగలు ముసురుతున్నాయి. నా అడుగు విని తల ఎత్తింది. లేవబోయింది, వెనక కాళ్ళు రాలేదు. ముందు కాళ్ళతో ఒళ్ళంతా ఈడ్చుకుంటూ నా వైపు ఒక జానెడు జరిగి ఆగింది. ఊపిరి బుసబుసమంటోంది. అది నన్నే చూస్తూ ఉంది. నేను తుపాకి ఎత్తి పట్టుకుని నిలబడ్డాను, చేతులు నొప్పి పుట్టేదాకా. చివరికి అలసిపోయి తల పక్కకు వాల్చింది. చెవి వెనక కాల్చాను. ఈసారి మందు వెంటనే అంటుకుంది. కాళ్ళు ఒకసారి తన్నుకుని ఆగిపోయాయి. నాకు ఏడుపు రాలేదు, సంతోషమూ కలగలేదు. ఒక పని పూర్తయింది, అంతే. తుపాకి పొడుగంత కర్ర తీసుకుని దాని కంటికి తాకించి చూశాను. అలా చూడాలని అత్త ఎప్పుడో చెప్పింది. తర్వాత గట్టెక్కి అత్తను కేక వేశాను.

రెండోసారి తుపాకి చప్పుడుకు గోవిందప్ప మళ్ళీ వచ్చాడు. ఈసారి ఒక్కడే కాదు, కత్తులు, గంపలతో మనుషులు వెంట ఉన్నారు. వాళ్ళ మొహాలు పండగ మొహాలు. అత్త వంకలో ఇసుక మీద కూర్చుని ఉంది. "దీన్ని కోసేది లేదు. ఫారెస్టు వాళ్ళకు చెప్పి పూడ్చాల" అంది. అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. గోవిందప్ప గొంతు అన్నిటికంటే పైన ఉంది. "ఊరంతా తినే మాంసం మన్నులో పెడతావా? నీకేమన్నా పిచ్చా వదినా? మీ ఆయనుంటే ఇట్లా చేస్తాడా?"

"ఆయనా ఇట్లే చేస్తా ఉన్న్యాడు. ఈ తుపాకి చేను కోసం ఇచ్చినారు గోవిందప్పా. ఈ పొద్దు తింటాం. రేపు మంచె మీద కూర్చున్నోళ్ళు చేను చూడరు, కూర చూస్తారు. అప్పుడు డబ్బా వాయించేదెవురు?" అంది. గొంతు పెంచలేదు. జ్వరంలో పెంచడానికి శక్తి కూడా లేదు. వాళ్ళు ఆమెను పక్కకు నెట్టి కోసుకుపోవచ్చు, ఎవరూ ఆపలేరు. నేను తుపాకిలో మందు లేదని తెలిసీ పక్కనే నిలబడ్డాను. కొంతసేపటికి ఒకరొకరే గంపలు ఎత్తుకుని వెళ్ళిపోయారు. గోవిందప్ప చివర్లో పోతూ, "కాయ ఇంటికి తోలేదానికి నా ఎద్దులు అడగొద్దు" అన్నాడు. అన్నట్టే ఇవ్వలేదు. ఆ ఏడు మేము బాడుగ బండి తెచ్చుకున్నాం. ఆయన పోయేదాకా అత్తతో సరిగా మాట్లాడలేదు.

ఫారెస్టు గార్డు సాయంత్రానికి సైకిల్ మీద వచ్చి చూసి, రాసుకుని, పూడ్చమన్నాడు. గుంత తవ్వడానికి ఊళ్ళో ఎవరూ రాలేదు. నేను, గార్డు తవ్వుతూ ఉంటే ఓబులమ్మ గడ్డపార భుజాన వేసుకుని వచ్చింది. చీర కచ్చ పోసి, మొహాన మట్టి పడుతున్నా ఆగకుండా తవ్వింది. పొద్దు గుంకే లోపల పని అయింది. అత్త పది రోజులు మంచం దిగలేదు. ఆ పది రోజులూ చేను నేనే కాశాను. ఆ ఏడు చెనిక్కాయ బాగానే ఇంటికొచ్చింది. నేను తిరిగి వెళ్ళి ఇంగ్లీషు రాసి పాసయ్యాను.

ఇదంతా చెప్పి అప్పటి కాలం గొప్పదని అనబోవడం లేదు. మా అత్తలాంటి వాళ్ళు అప్పుడూ ఎక్కువ మంది లేరు. సారాయి తాగి కాల్చినవాళ్ళు, టార్చి వెలుగుకు కుందేళ్ళను సంచులకెత్తినవాళ్ళు ఈ తాలూకాలోనే ఎంతోమంది. కానీ కాల్చిన మనిషి జంతువును చూడక తప్పేది కాదు. ఈసారి రాయచెర్లులో ఉన్నప్పుడు నాకు అదే గుర్తొచ్చింది. అత్త చేను ఇప్పుడు సోలార్ పలకల కింద ఉంది. మంచె ఉన్న చోటు ఎక్కడో నేను చెప్పలేను. నీలం పలకల బారులు, ఇనుప కంచె, దాని వెంబడి మట్టి బాట. చేలు పోయాయి గానీ పందులు ఎక్కడికీ పోలేదు. కంచె కింద నుంచి దూరి, మిగిలిన నాలుగు మడుల మీద పడుతున్నాయి. తుపాకి ఇచ్చొచ్చిన మరునాడు పొద్దున నడకకు పోయినప్పుడు కంచెకూ వంకకూ మధ్య ఒక సందులో నేల దున్నినట్టు గీసుకుపోయి ఉంది. వేప మొద్దుకు బైకు క్లచ్ వైరు కట్టి ఉంది. చివర తెగిపోయింది. దానికి వెంట్రుకలు, నెత్తురు అంటుకుని ఉన్నాయి. ఆ ఉచ్చులో పడిన ఏదో జంతువు మిగతా వైరుతో, కాలికి ఉరితో పోయింది.

ఫారెస్టు వాళ్ళకు ఫోన్ చేశాను. ఇద్దరు వాచర్లు వచ్చారు. జాడ పట్టుకుని వంక దాటి చాలా దూరం పోయాం. పలకలు కడిగే నీళ్ళు పారిన బురదలో అడుగులు కలిసిపోయాయి. దొరకలేదు. ఉరి ఎవరు పెట్టారో కనుక్కోవడం కష్టం కాలేదు. మంజు, గోవిందప్ప మనవడు, పలకలు కడిగే పనికి పోతాడు. అతని బైకుకు కొత్త క్లచ్ వైరు ఉంది. ఇంటిముందు బండి తుడుస్తుంటే వెళ్ళి అడిగాను.

"నేనేలే అత్తా. పెద్దాళ్ళ లెక్క రాత్రంతా మంచె మీద కూర్చునేది ఎవురికి కుదురుతాది? పెట్టి పోతే పడింటే పడింటాది. మనం ఆడ ఉండే పనే లేదు" అన్నాడు. దాచుకోవాలని కూడా అతనికి తోచలేదు.

"ఇంకా యాడ పెట్టినావు?"

"ఏమో. శానా పెట్టినా."

"చూపించు."

బైకు మీద ఎక్కించుకున్నాడు. కంచె వెంబడి పోతూ ఒకటి చూపించాడు, రెండోది చూపించాడు. ఒకదాంట్లో ముంగిస ఎండిపోయి ఉంది. మూడోది ఎక్కడో గుర్తు రాలేదు. బండి ఆపి, తల గోక్కుంటూ అటు నడిచాడు, ఇటు నడిచాడు. "ఈడనే అనుకున్నా అత్తా. ఆ పొద లేదే ఇప్పుడు" అన్నాడు. అప్పుడు మాత్రం అతని మొహం మారింది. మేకలు మేపే ఆడవాళ్ళు ఆ సందులోంచే పోతారని నేను చెప్పనక్కర్లేకపోయింది, ఇద్దరు అప్పుడే ఎదురుగా వస్తున్నారు. వాళ్ళను కేకేసి ఆపి, వేరే దారిన పొమ్మన్నాడు. మధ్యాహ్నం దాకా ఇద్దరం వంగి వంగి వెతికినా ఆ ఉరి దొరకలేదు. పని వేళ దాటిపోయింది, ఫోన్ మోగుతున్నా ఎత్తలేదు.

తుమకూరుకు ఫోన్ చేసి పాలు, పేపరు ఆపమని చెప్పేశాను. అత్త అడగలేదు, నేను ఎన్నాళ్ళుంటానో చెప్పలేదు. పొద్దున్నే సంగటి ముద్ద పెట్టి, కటింగ్ ప్లేయరు చేతికిస్తుంది. మంజు పనికి పోయేముందు ఒక గంట వచ్చి, తనకు గుర్తొచ్చిన చోట్లు చూపించి పోతున్నాడు. అతను పెట్టని ఉరులు కూడా దొరుకుతున్నాయి. వేరేవాళ్ళవి. అవి కత్తిరిస్తుంటే ఒకతను గట్టు మీద నిలబడి చూసి వెళ్ళాడు. మరుసటి రోజు అదే చోట కొత్త వైరు ఉంది. అదీ కత్తిరించాను. ఈ పొద్దు ఉత్తరం వైపు కంచె అంతా అయిపోయింది. రేపు వంక అవతలి గట్టు మొదలుపెట్టాలి.